తలనొప్పి కాగితాలు

జూన్ 3

వదినా,

ఫోన్ చేస్తే నీకు పడదని తెలిసే ఉత్తరం రాస్తున్నాను. పోయిన నెల రెండుసార్లు చేశాను. రెండుసార్లూ పిచ్చుకే తీసింది. అమ్మ పడుకుంది అత్తా, మాట వినపడితే ఓర్చుకోలేదు అని గుసగుసగా చెప్పి పెట్టేసింది. పదకొండేళ్ళ పిల్ల అంత నెమ్మదిగా మాట్లాడటం ఎక్కడ నేర్చుకుందా అని ఆ రోజంతా అనుకుంటూనే ఉన్నాను.

నాకు పని మారింది. ఈ వైద్య పరిశోధన సంస్థ లైబ్రరీలో తొమ్మిదేళ్ళుగా పుస్తకాలు సర్దుకుంటున్న నన్ను తీసుకెళ్ళి మూడో అంతస్తులో ఒక డాక్టరమ్మ కింద వేశారు. ఆవిడ తలనొప్పుల మీద పనిచేస్తారు. తలనొప్పి అసలు ఎలా పుడుతుంది, తలలో ఎక్కడ మొదలవుతుంది, కొందరినే ఎందుకు పట్టుకుంటుంది అన్నవాటి మీద పాతికేళ్ళుగా దేశదేశాల్లో అచ్చయిన పరిశోధన వ్యాసాలన్నీ పోగుచేస్తున్నాం. ఇప్పటికి పదకొండు వేల పైచిలుకు. రోజుకు నూటయాభై వ్యాసాల సారాంశాలు చదివి, ఇది దేని గురించి అని ఒక్కోదానికీ ఒక గుర్తు పెట్టాలి. సాయంత్రానికి అక్షరాలు చీమల్లా పాకుతుంటాయి. తలనొప్పి అన్న మాట చదివీ చదివీ నాకే తలనొప్పి పట్టుకుంది అని రాయబోయాను. నీకు రాస్తూ ఆ మాట అనబుద్ధి కాలేదు.

మా గదికి కిటికీ లేదు. లిఫ్టు పాడై ఏడు నెలలయింది. లిఫ్టులు బాగుచేసే అన్నయ్యకు ఇది చూస్తే తలకొట్టేసినట్టు అవుతుంది. మూడంతస్తులు ఎక్కేసరికి నిన్న చదివిందంతా మెట్ల మీదే రాలిపోతుంది.

మొన్న ఒక వ్యాసంలో రోగుల మాటలు వాళ్ళు చెప్పినవి చెప్పినట్టే వేశారు. కంట్లోంచి ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టు ఉంటుందని ఒకావిడ చెప్పిందట. నువ్వు గుర్తొచ్చావు. నీది ఎలా ఉంటుంది వదినా? ఎటువైపు మొదలవుతుంది? వచ్చే ముందు ఏమైనా తెలుస్తుందా? ఓపిక ఉన్నప్పుడు రాయి. కిటికీ తెర వేసుకునే రాయి.

చిన్నమ్మాయి


జూన్ 15

చిన్నమ్మాయ్,

ఉత్తరం అందింది. ఈ ఇంట్లో అడుగుపెట్టి పదమూడేళ్ళు. నా తల ఎలా ఉందని మీ వాళ్ళలో ఒకరు అడగడం ఇదే మొదలు. అదీ నీ ఉద్యోగం మారితే గానీ కుదరలేదు. ఎత్తిపొడుపు అనుకోకు. అనుకున్నా పరవాలేదు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇంటికి చుట్టాలు వచ్చారు. నేను లోపల పడుకుని ఉన్నాను. కోడలు ఏదని వాళ్ళు అడిగితే, మా వదినకు అంట్లు కనపడితే చాలు తలనొప్పి వచ్చేస్తుంది అన్నావు నువ్వు. అందరూ నవ్వారు. అత్తయ్య అందరికంటే ఎక్కువ నవ్వింది. నీకప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో. మరచిపోయి ఉంటావు. ఆ మాట మాత్రం ఈ ఇంట్లో సామెత అయి కూర్చుంది.

అడిగావు గనక చెబుతున్నాను. ముందు ఎడమ పక్కన చిన్న మెరుపు కనిపిస్తుంది. రంపం పళ్ళలాంటి వంకరటింకర గీత. అది నెమ్మదిగా పెద్దదవుతూ పక్కకు జరుగుతుంది. అప్పుడు ఎదుటి మనిషిని చూస్తే మొహం సగమే ఉంటుంది. అరగంటకు గీత పోతుంది. పోయాక అసలుది వస్తుంది. అది ఎలా ఉంటుందంటే చెప్పలేను. ఆ సమయంలో మాటలు దొరకవు, తగ్గాక గుర్తుండదు. ఉప్పు డబ్బా మూత తీసిన చప్పుడు కూడా చెంపదెబ్బలా తగులుతుంది. అంతవరకే చెప్పగలను.

మా లాండ్రీ నువ్వు చూడలేదు. హోటళ్ళ దుప్పట్లు ఉతుకుతాం. తెల్ల దుప్పట్లు, తెల్ల గోడలు, తెల్ల ట్యూబులైట్లు. ఆవిరి. బ్లీచింగ్ వాసన. నాది ఇస్త్రీ యంత్రం దగ్గర పని. తడి దుప్పటికి ఒక అంచు నేను, ఒక అంచు ఇంకొకామె పట్టుకుని రోలర్ల మధ్యకు అందించాలి. ఒకరు చెయ్యి వదిలితే ఇద్దరి పనీ పాడు. అందుకని నొప్పి వచ్చినా రాకపోయినా షిఫ్టుకు ముందే మాత్ర వేసుకుని వెళ్తాను.

మందు ఎప్పుడొస్తుందో అది రాయి. మిగతావి నాకెందుకు.

మీ వదిన


జూన్ 26

వదినా,

ఆ మాట అన్నది నేనే. మరచిపోలేదు. వాళ్ళు నవ్వుతుంటే నాకు గొప్పగా అనిపించింది, అదీ గుర్తుంది. క్షమించమని అడగను. అడిగితే పరవాలేదులే అనడం మళ్ళీ నీ పని అవుతుంది. ఉన్న పనులు చాలు నీకు.

నీ రంపం గీత గురించి డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ కుర్చీ దగ్గరకు జరుపుకుని మళ్ళీ చెప్పమన్నారు. అది భ్రమ కాదు వదినా. మెదడు పైపొర మీద ఒక అల పుట్టి, నిమిషానికి మూడు మిల్లీమీటర్ల చొప్పున పాకుతుందట. చూపుకు సంబంధించిన భాగం మీదుగా అది నడిచినంతసేపూ నీకు ఆ గీత నడుస్తూ కనిపిస్తుంది. యంత్రాల్లో దాన్ని పట్టుకున్నారు కూడా. పదమూడేళ్ళు నువ్వు గోడకేసి చూస్తూ పడుకున్నావే, అప్పుడు నీ తలలో నిజంగానే ఒకటి నడుస్తూ ఉండేది.

మా కంప్యూటరు ఈ వ్యాసాల్లో ఉన్న మాటలన్నీ ఏరి ఒక పటం గీస్తుంది. ఎక్కువసార్లు వచ్చిన మాటకు పెద్ద గుండ్రం. పాత ఏళ్ళ పటంలో పెద్దది రక్తనాళాలది. అవి ఉబ్బితేనే నొప్పి అనుకునేవారు. తరవాత ఆ గుండ్రం చిక్కిపోయి, మొహం నుంచి మెదడులోకి పోయే మూడు పాయల నరం గుండ్రం లావెక్కింది. ఈ పదేళ్ళలో, ఆ నరం వదిలే ఒక చిన్న ప్రోటీను ముక్క అందరినీ పక్కకు నెట్టి మధ్యలో కూర్చుంది. డాక్టరమ్మ చాలా ఉత్సాహంగా ఉన్నారు. ఏడాది చివరికల్లా మన పని ఒక కొలిక్కి వస్తుంది అంటున్నారు.

ఇంకొక సంగతి. ఇది చాలావరకు వంశంలో వచ్చేదట. తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. పిచ్చుకను ఒక కంట కనిపెట్టి ఉండు.

ఒక నోటుబుక్కు పెట్టుకో. నొప్పి వచ్చిన రోజుకు ఒక గీత, మాత్ర వేసుకున్న రోజుకు ఒక చుక్క. నెల తిరిగాక ఎన్నో రాయి.

చిన్నమ్మాయి


జూలై 27

చిన్నమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను కళ్ళు తెరవలేని స్థితిలో ఉన్నాను. పిచ్చుక చదివి వినిపించింది. అత్తయ్య పక్కనే కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. తల్లికి ఉంటే పిల్లలకు అన్న చోట పిల్ల ఆగిపోయింది. అత్తయ్య మడత ఆపకుండానే, విన్నావా, మా వైపు ఎవరికీ లేదీ జబ్బు, అంది.

మర్నాడు పిచ్చుక నా జడ విప్పుతూ, నాకు వచ్చేది కూడా నీదేనా అమ్మా అని అడిగింది. నీకు చెప్పలేదు గానీ దానికి మూడు నెలలుగా వస్తోంది. లెక్కల పీరియడ్‌లోనే వస్తుందని బడిలో టీచరమ్మ అందట. క్లాసంతా నవ్వారట. ఈ నవ్వు నేను ఎరిగిందే. నా తల నేను మోసుకుంటాను. దాన్ని నా పిల్ల నెత్తిన కూడా నేనే పెట్టానని కాగితం మీద రాసి పంపాలా? పుండు మీద కారం చల్లడానికి చదువుకున్నవాళ్ళు కావాలి.

ఇంతకీ లాండ్రీలో అందరికీ చెప్పాను. మా ఆడబిడ్డ ఉన్న చోట తలనొప్పికి మందు కనిపెడుతున్నారు, ఏడాది చివరికి కొలిక్కి వస్తుందని. నాతో దుప్పటి అందించే ఆమె, ఇంకో ముగ్గురు వాళ్ళ పేర్లు కూడా రాసుకోమన్నారు. ముందుగా వాళ్ళకు ఇప్పించాలట. దుప్పటామెకు వారానికి రెండుసార్లు వస్తుంది, మెడ దగ్గర మొదలవుతుంది. ఇది కూడా మీ డాక్టరమ్మకు చెప్పు.

నువ్వు చెప్పినట్టే నోటుబుక్కు పెట్టాను. ముప్ఫై రోజుల్లో ఇరవై రెండు గీతలు. ఇరవై ఆరు చుక్కలు.

మీ వదిన


ఆగస్టు 4

వదినా,

ముందు లాండ్రీ వాళ్ళ సంగతి. మేం మందు కనిపెట్టడం లేదు. కొలిక్కి వస్తుంది అన్నది మా నివేదిక. ఎవరెవరు ఏం కనిపెట్టారో, ఏ దారిన పోతున్నారో లెక్కగట్టడమే మా పని. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అంటావు. ఎలుకను కూడా పట్టడం లేదు, కొండను ఎంతమంది తవ్వుతున్నారో రాస్తున్నాం. ఆ ప్రోటీను ముక్కను అడ్డుకునే మందులు కొన్ని చోట్ల వాడుతూనే ఉన్నారు. అందరికీ పనిచేయవు, అందరికీ దొరకవు. దుప్పటామెకు ఏమని చెబుతావో నాకు తెలియడం లేదు. తప్పు నా మీద పెట్టెయ్యి.

పిచ్చుక గురించి నేను రాసింది తప్పు. రాసిన సంగతి తప్పు కాదు, రాసిన తీరు తప్పు. రోజుకు నూటయాభై చదివేసరికి మనుషులు అంకెల్లా కనిపిస్తున్నారు. జన్యువులకు తల్లి వైపు, తండ్రి వైపు అన్న పక్షపాతం లేదు. ఎవరిచ్చారన్నది నేరమూ కాదు.

నీ ఇరవై ఆరు చుక్కల సంగతి డాక్టరమ్మకు చెప్పాను. నొప్పి మాత్రలు నెలలో సగం రోజులు దాటి, నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయట. మెదడు చిన్న నొప్పికి కూడా ఉలిక్కిపడటం మొదలుపెడుతుందట. దీని మీదే మా దగ్గర కొన్ని వందల వ్యాసాలున్నాయి. నీకు వచ్చే ఇరవై రెండింటిలో సగం మాత్రలవే కావచ్చు. అలాగని ఒక్కసారిగా మానేయకూడదు. డాక్టరు దగ్గర ఉండి నెమ్మదిగా తగ్గించాలి. నువ్వు ఒక్కదానివే వెళ్ళవని తెలిసి అన్నయ్యకు కూడా నాలుగు ముక్కలు రాశాను.

చిన్నమ్మాయి


ఆగస్టు 16

చిన్నమ్మాయ్,

మీ అన్నయ్య మాత్రల డబ్బా పని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. రెంచీల మధ్య. చిన్నమ్మాయి రాసింది, ఇవే విషమట, ఇక మానెయ్యి అన్నాడు. అంతే. బటన్ నొక్కితే ఆగే జబ్బు అనుకున్నాడు.

మూడో రోజు షిఫ్టులో నాకు చూపు సగం పోయింది. దుప్పటి చెయ్యి జారింది. అవతలామె మణికట్టు రోలరుకు తగిలి కాలింది. పెద్ద గాయం కాదంటోంది, నా మొహం చూసి అలా అంటోంది. అక్కడే, ఇస్త్రీ అయిన దుప్పట్ల మీద కక్కాను. సూపర్‌వైజరు నన్ను కింది అంతస్తుకు మార్చాడు. అక్కడ మురికి బట్టలు వేరుచేయాలి. ఆ వాసన గురించి రాయను.

పదమూడేళ్ళు మీ ఇంట్లో నా మాట ఒక్కరూ నమ్మలేదు. నీ ఉత్తరం ముక్క వచ్చేసరికి మీ అన్నయ్య పొద్దున్నే డబ్బా తీసుకుపోయాడు. నా తల గురించి నేను చెబితే అది నాటకం, నువ్వు చెబితే అది శాస్త్రం. ఆ పదకొండు వేల కాగితాల్లో, నొప్పి ఉందంటే నమ్మారా లేదా అని అడిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

ఇక నా తల గురించి రాయకు.


ఆగస్టు 23

వదినా,

అన్నయ్యకు రాసిన ఉత్తరంలో ఒక్కసారిగా మానకూడదు, డాక్టరుకు చూపించు అని రెండుసార్లు రాశాను. రెండో పేజీలో రాశాను. మొదటి పేజీ చదివి మడిచేసి ఉంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. కానీ నీకు రాయాల్సింది నీకే రాసి ఊరుకోవలసింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. కాలిన ఆమె చెయ్యి ఎలా ఉంది?

వెంటనే ఎవరైనా డాక్టరుకు చూపించుకో వదినా. నాకోసం కాదు. జవాబు రాయకపోయినా సరే.

చిన్నమ్మాయి


సెప్టెంబర్ 14

వదినా,

నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఉండాలని అడిగే ముఖం నాకు లేదు. ఈ ఉత్తరం నీ తల గురించి కాదు. అందుకే రాస్తున్నాను.

ఈ నెల నా వంతుకు వచ్చిన వ్యాసాలు నొప్పికి ముందు జరిగేవాటి గురించి. నొప్పి మొదలయ్యే ముందు రోజు నుంచే మెదడు లోపలి భాగాల్లో మార్పు మొదలవుతుందట. ఈ మధ్య అందరి చూపూ అటు తిరిగింది. పదే పదే ఆవలింతలు. మెడ పట్టేయడం. వెలుతురు పడకపోవడం. ఊరికే విసుక్కోవడం. ఆ వరస అరవై డెబ్బైసార్లు చదివి ఉంటాను. బుధవారం మళ్ళీ అదే వరస చదువుతూ కలం కింద పెట్టేశాను.

మేం చిన్నప్పుడు రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. బట్టలు, ట్రంకు పెట్టెలు పెట్టుకునే చిన్న గది ఒకటి ఉండేది, కిటికీ లేనిది. నెలకు మూడు నాలుగుసార్లు అమ్మ ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. మీ అమ్మకు కోపం వచ్చింది, అటు పోకండి అనేవాడు నాన్న. నేనూ అన్నయ్యా గోడకు ఆనుకుని కూర్చుని, మనం ఏం చేశామా అని వెతుక్కునేవాళ్ళం. గ్లాసు పగలగొట్టినందుకేమో అనుకునేదాన్ని. గట్టిగా పాడినందుకేమో అనుకునేదాన్ని. అమ్మ బయటికి వచ్చాక నాలుగు రోజులు కాలి వేళ్ళ మీద నడిచేదాన్ని. నా చిన్నతనమంతా నేనేం తప్పు చేశానో వెతుక్కోవడంతోనే సరిపోయింది వదినా.

ఆ గదిలోకి వెళ్ళే ముందు రోజు అమ్మ తెగ ఆవలించేది. వాకిట్లో ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకునేది. వెళ్ళేటప్పుడు తడి తువ్వాలూ, బకెట్టూ తీసుకెళ్ళేది.

కోపం వచ్చినవాళ్ళకు బకెట్టెందుకు?

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ ప్రశ్న నాకు తట్టలేదు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా మాట్లాడటం మన పిచ్చుక కంటే ముందు నేనే నేర్చుకున్నాను. ఈ సంగతి అమ్మను అడగాలో వద్దో నాకు తెలియడం లేదు. ఈ ఉత్తరం చించేసినా సరే, ఆవిడకు చూపించినా సరే. నీ ఇష్టం.

చిన్నమ్మాయి


అక్టోబర్ 20

చిన్నమ్మాయ్,

రాయకూడదనే అనుకున్నాను. చెయ్యి ఊరుకోలేదు.

నీ ఉత్తరం అత్తయ్య ముందు పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మడిచి తన దిండు కింద పెట్టుకుంది. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇదిగో మళ్ళీ కోపం, కూతురూ కోడలూ కలిసి నిప్పు రాజేశారు అని మీ అన్నయ్య గొణుక్కున్నాడు.

మూడో రోజు నాకు వచ్చింది. మంచం మీద మొహం గోడవైపు పెట్టుకుని ఉన్నాను. అత్తయ్య లోపలికి వచ్చి, తన ముదురు దుప్పటి తెచ్చి కిటికీకి అడ్డం కట్టింది. వెనక కూర్చుని నా మెడ మీద చెయ్యి వేసింది. పుర్రె కింద, ఎడమ పక్కన, వెంట్రుకలు మొదలయ్యే చోట ఒక బుడిపెలా ఉంటుంది. అది ఎక్కడుందో నేనెవరికీ చెప్పలేదు. ఆవిడ బొటనవేలు వెతకలేదు. తిన్నగా అక్కడికే వెళ్ళి ఆగింది. ఆ చోటు తెలియాలంటే అది తన మెడలో ఉండి ఉండాలి.

వేలు అక్కడే ఉంచి అంది.

"కోపం అంటే అందరూ తప్పుకునేవారు. నొప్పి అంటే నవ్వేవారు. అందుకని కోపం అనేదాన్ని."

"మరి నన్ను చూసి ఎందుకు నవ్వారు?" అన్నాను.

"నేను ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చాను కదా. నువ్వెందుకు నెట్టుకు రాలేవు అనుకునేదాన్ని."

నువ్వు ఇక్కడ నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుందనుకుంటావు. నాకు జాలి కలగలేదు. పదమూడేళ్ళు తెలిసి కూడా ఊరుకుంది. చెయ్యి తీసెయ్యమనాలనిపించింది. కానీ నొప్పి ఆ వేలి కింద కొంచెం సర్దుకుంటోంది. అనలేదు.

ఆ మరుసటి వారం ఆవిడే నన్ను ఆసుపత్రికి బయలుదేరదీసింది. మీ అన్నయ్య కూడా వచ్చాడు, నీ ఉత్తరం రెండో పేజీ అక్కడి బెంచీ మీద చదివాడు. చదివి నా చేతి సంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరు రోజూ వేసుకునేది ఒకటి రాసి, నొప్పి మాత్రలు వారానికి ఇన్నే అని లెక్క పెట్టాడు. మొదటి పది రోజులు ఎలా గడిచాయో అడగకు. ఆ తరవాత ఈ రెండు వారాల్లో ఏడు గీతలు. ఆరు చుక్కలు. తగ్గింది, పోలేదు. నన్ను మళ్ళీ పై అంతస్తుకు తీసుకున్నారు. దుప్పటామె చెయ్యి మానింది, మచ్చ పడింది. మీరు మందు కనిపెట్టడం లేదని చెబితే ఏడవలేదు. నాకు ముందే తెలుసులే అంది.

పిచ్చుకకు మాత్రం వస్తూనే ఉంది.

మీ వదిన


నవంబర్ 8

వదినా,

మా నివేదిక అచ్చుకు వెళ్ళింది. నలభై నాలుగు పేజీలు, ఆరు పటాలు. చివర కృతజ్ఞతల్లో నా పేరు చిన్న అక్షరాల్లో ఉంది. చూసుకుని సంతోషపడదామనుకున్నాను, నిద్ర వచ్చింది. ఏడాది ఏడాదికీ వ్యాసాలు పెరుగుతున్నాయి. నాళాల నుంచి నరాలకు, నరాల నుంచి ప్రోటీను ముక్కలకు, ఇప్పుడు కొందరు పేగుల్లో సూక్ష్మజీవుల దాకా కూడా వెళ్ళారు. ప్రశ్నలు పెరిగినంతగా జవాబులు పెరగలేదు. డాక్టరమ్మ అదే మాట చివరి పేరాలో రాశారు, కాస్త మర్యాదగా.

నువ్వు ఆగస్టులో అడిగిన ప్రశ్నకు జవాబు ఇన్నాళ్ళూ ఇవ్వలేదు. వెతికాను. నమ్మారా లేదా అని అడిగినవాళ్ళున్నారు. పటంలో అంచున ఒక చిన్న గుండ్రం. మేం వెతికింది నొప్పి పుట్టుక గురించి గనక మా వలలో కొన్నే పడ్డాయి, వేరే చోట ఇంకా ఉంటాయి అన్నారు డాక్టరమ్మ. ఉన్నవాటిలో ఒకటి పూర్తిగా చదివాను. రోగులు ఎక్కువగా దాచేది ఇంట్లోవాళ్ళ దగ్గరేనట.

అమ్మ చెయ్యి నీ మెడ మీద ఉందని చదివి నాకు ఏమనిపించిందో చెప్పనా? అసూయ. నా మీద ఎప్పుడూ అంతసేపు చెయ్యి వేయలేదు. ఈ వయసులో ఇదేం బుద్ధి అని సిగ్గుపడి నీళ్ళు తాగి వచ్చాను. అమ్మకు విడిగా ఉత్తరం రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. 'అమ్మా' అన్న తరవాత ఏం రాయాలో తోచడం లేదు.

పిచ్చుకను పిల్లల డాక్టరుకు చూపించి, ఒక చీటీ రాయించుకుని బడికి వెళ్ళు. కాగితం ఉంటే నమ్ముతారు. అది తప్పే అనుకో, కానీ నమ్ముతారు.

చిన్నమ్మాయి


నవంబర్ 29

చిన్నమ్మాయ్,

చీటీ రాయించాం. నిన్న మధ్యాహ్నం బడికి వెళ్ళాం. సెలవు పెట్టుకున్నాను. అత్తయ్య తానూ వస్తానంది. మెట్లెక్కలేరు, ఇంట్లో ఉండమన్నాను. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

టీచరమ్మ మంచిదే. నలభై మంది పిల్లలు, గొంతు పోయి ఉంది ఆమెకు. సుద్దపొడి ముక్కు దాకా ఉంది. చీటీ చదివి, నేను కాదనడం లేదండీ, కానీ లెక్కల పీరియడ్‌లోనే వస్తే ఏమనుకోవాలి అంది. ఆ పీరియడ్ మూడింటికి, ఎండ తిన్నగా పిల్ల కూర్చునే బల్ల మీదే పడుతుంది అని నేను చెప్పాను. ఆమె కిటికీ వైపు చూసింది. అయినా ఇంకా సగం నమ్మకమే. పిల్లలు నాటకాలు కూడా ఆడతారు కదండీ అంది. పిచ్చుక తల దించుకుని బూటు ముందు భాగం నేలకేసి రాస్తోంది.

అంతవరకూ బల్ల అంచున కూర్చున్న అత్తయ్య లేచి నిలబడింది.

"నాకూ ఉండేది టీచరమ్మా," అంది. "ముప్ఫై ఏళ్ళు. నొప్పి అని చెప్పుకోలేక కోపం అని చెప్పి తలుపు వేసుకునేదాన్ని. నాకు ఇద్దరు పిల్లలు. వాళ్ళు తలుపు బయట కూర్చుని భయపడుతూ పెరిగారు. వాళ్ళ గొంతులు లోపలికి వినపడేవి. అప్పుడు లేచి తలుపు తీయలేకపోయాను, తగ్గాక చెప్పలేకపోయాను. మీరు ఈ పిల్లను నమ్మకపోతే ఇది కూడా ఏదో ఒక అబద్ధం నేర్చుకుంటుంది."

గొంతు పెంచలేదు. చెప్పి కూర్చుంది. టీచరమ్మ పిచ్చుక పుస్తకాల సంచి తీసుకెళ్ళి గోడ పక్క వరసలో, మూడో బల్ల మీద పెట్టింది. రేపటి నుంచి ఇక్కడ కూర్చో, వచ్చినప్పుడు చెయ్యెత్తు, నర్సు గదికి పంపుతాను అంది పిల్లతో.

ఆ మాటలు నీకు రాయమని అత్తయ్య అనలేదు. వద్దనీ అనలేదు. మీరిద్దరూ తలుపు బయట కూర్చోవడం ఆవిడకు తెలుసు, అది నీకు తెలియాలనిపించింది. తప్పు నీది కాదు. ఎప్పుడూ కాదు. ఆవిడ నీతో ఎప్పటికి చెబుతుందో తెలియదు, అందుకని ఈలోగా నేను చెబుతున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చోటు దొరికింది. పిచ్చుక కిటికీ పక్కన, అత్తయ్య మధ్యలో, నేను ఇటు చివర. రెండు స్టాపులు దాటాక ఆవిడ తల నా భుజం మీద వాలింది. నిద్ర పట్టేసింది. ఈ పదమూడేళ్ళలో నా మీద బరువు పెట్టి కూర్చోవడం అదే మొదటిసారి. బాగానే బరువుంది. నాకు ఆ పొద్దున్నుంచే మెడ పట్టేసి ఉంది, సాయంత్రానికి వస్తుందని తెలుస్తూనే ఉంది. ఆవిడ మీద నా కోపం పోయిందా అంటే పోలేదు. పిచ్చుక నా మోచెయ్యి తట్టి, అమ్మా మన స్టాపు వచ్చేసింది, నాన్నమ్మను లేపు అని గుసగుసలాడింది.

నేను లేపలేదు. బస్సు చివరి దాకా వెళ్ళి తిరిగొస్తుందిలే అన్నాను.

నీ వదిన